జపాన్‌లో మనుషులు మాట్లాడరా? మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టోక్యోలో ఉంటున్నానని తెలియగానే మనవాళ్లు అడిగే ప్రశ్నలు అటూ ఇటూగా ఒకటే. పెద్దవాళ్లకు తిండి సంగతి కావాలి, కుర్రాళ్లకు జీతం సంగతి, పిల్లలకు టాయిలెట్ సంగతి. జీతం గురించి ఇక్కడ ఏమీ రాయడం లేదు. మిగతావన్నీ ఒకచోట పెట్టేస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా లింకు పంపి ఊరుకుంటాను.

అక్కడివాళ్లు అసలు మాట్లాడరట, నిజమేనా?

మనుషులు కాస్త తక్కువే మాట్లాడతారు. ఆ లోటు వస్తువులు తీరుస్తాయి. ఇంట్లో స్నానాల తొట్టి నిండగానే గోడకున్న పెట్టె చిన్న పియానో ముక్క వాయించి, స్నానానికి నీళ్లు కాగాయండీ అని ఆడగొంతుతో కబురు చెబుతుంది. వీధిలో లారీ ఎడమకు తిరగబోతూ "ఎడమకు తిరుగుతున్నాను, జాగ్రత్త" అని పదే పదే వినిపిస్తుంది. ఎస్కలేటర్ పిల్లల చెయ్యి పట్టుకోమంటుంది. ఏటీఎం తెర మీద యూనిఫాం వేసుకున్న బొమ్మ నడుము వంచి దండం పెడుతుంది, మీ ఖాతాలో ఎంత తక్కువున్నా సరే.

సాయంత్రం అయిదయ్యేసరికి వీధి స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లలోంచి ఏదో పిల్లల పాట బాణీ వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు గుడి అనుకుంటారు. అవి భూకంపం, తుపాను వచ్చినప్పుడు హెచ్చరికలు చెప్పడానికి పెట్టిన స్పీకర్లు. పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసుకోవాలి కదా, అందుకని పాట. పార్కుల్లో ఆడుకునే పిల్లలకు మాత్రం అది "ఇక ఇంటికి పదండి" అనే కేక. మన వీధుల్లో ఆ పని అమ్మలు గొంతు చించుకుని చేస్తారు. ఇక్కడ మున్సిపాలిటీ చేస్తుంది.

రైల్లో ఫోన్ మాట్లాడితే ఏమవుతుంది?

ఏమీ కాదు. అదే బాధ. ఎవరూ తిట్టరు, ఎవరూ "కాస్త మెల్లగా బాబూ" అనరు. ఎదుటి సీటాయన ఒక్కసారి కళ్లెత్తి చూసి దించుకుంటాడు. ఆ చూపు చాలు. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేస్తే మనవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "రైల్లో ఉన్నా, దిగాక చేస్తా" అంటారు. అవతల అమ్మ ఊరుకుంటుందా! "రైల్లో ఉంటే ఏం, తిన్నావా లేదా?" అని ఆవిడ అడిగే మాట బోగీ అంతటికీ వినిపిస్తుంది. అర్థం కాకపోయినా అందరికీ అర్థమవుతుంది.

రైల్లో వాళ్లు చేసే ముఖ్యమైన పని నిద్ర. కూర్చుని, నించుని, కడ్డీకి వేలాడుతూ, ఎలాగైనా పడుకోగలరు. విచిత్రమేమిటంటే తన స్టేషన్ రాగానే ఎవరో తట్టి లేపినట్టు లేచి దిగిపోతారు. చాలా స్టేషన్లలో వేరువేరు ట్యూన్లు మోగుతాయి కాబట్టి చెవికి ఆనవాలు ఉంటుందని నా ఊహ. పక్కవాడు మీ భుజం మీద తల వాల్చి నిద్రపోతే కదలకుండా ఉండటమే మర్యాద.

రైళ్లు సెకను తేడా లేకుండా నడుస్తాయంటారు, మరీ అంతనా?

2017 నవంబర్‌లో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు ఒకటి మినామి నగరేయామ స్టేషన్ నుంచి 20 సెకన్లు ముందే బయల్దేరింది. 9 గంటల 44 నిమిషాల 40 సెకన్లకు కదలాల్సింది 44 నిమిషాల 20 సెకన్లకే కదిలింది. దానికి ఆ కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆలస్యానికి కాదండోయ్, తొందరపడినందుకు! విజయవాడ ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిని, ఇంకో కాఫీ తాగి, నిదానంగా రైలెక్కినవాళ్లం మనం. ఇది జీర్ణం కావడానికి టైం పడుతుంది.

అలాగని ఆలస్యాలు ఉండవనుకోకండి. ఉంటాయి. అయిదు నిమిషాలు దాటితే గేటు దగ్గర చిన్న చీటీ ఇస్తారు, రైలు ఇంత ఆలస్యమైంది అని. అది ఆఫీసులో, బడిలో చూపించుకోవచ్చు. ఈ మధ్య వెబ్‌సైట్లోనే పెట్టేస్తున్నారు.

డ్రైవర్ తనలో తను మాట్లాడుకుంటూ గాలిలో వేలు చూపిస్తాడట?

అవును, తెల్ల గ్లవుజులేసుకుని మరీ. సిగ్నల్ వస్తే దానివైపు వేలు చూపించి పైకి చెబుతాడు. గడియారం చూసి చెబుతాడు. తలుపులు మూసే గార్డు ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకు వేలు తిప్పి చెబుతాడు. మొదటి బోగీలో ఎక్కి అద్దంలోంచి చూస్తే ఆయనకు కనిపించే ఎవరితోనో మనకు పరిచయం లేదేమో అనిపిస్తుంది. కారణం మాత్రం గట్టిది. రోజుకు వందసార్లు చేసే పనిలో మనసు ఎక్కడికో పోతుంది. కన్ను, చెయ్యి, నోరు మూడూ కలిపి పనిచేస్తే అలా పోదు. ఫ్యాక్టరీల్లో, కట్టడాల దగ్గర కూడా ఇదే పద్ధతి.

నాకు ఇది భలే నచ్చింది. ఊరికి బయల్దేరే ముందు వంటింట్లో నిలబడి పొయ్యి వైపు వేలు చూపించి "గ్యాస్, కట్టేశాను!" అంటాను. తలుపు దగ్గర "తాళం, వేశాను!" మా ఆవిడ నవ్వితే నవ్వింది, స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి పరుగెత్తే పని తప్పింది.

ఎస్కలేటర్ మీద ఏ వైపు నిలబడాలి?

టోక్యోలో ఎడమ, ఒసాకాలో కుడి. రెండో వైపు నడిచేవాళ్లకు వదలాలి. అయితే అసలు నడవనే వద్దని 2021 అక్టోబర్‌లో సైతామా ప్రాంతం ఏకంగా నిబంధన తెచ్చింది. జరిమానా ఏమీ లేదు. కాబట్టి నడిచేవాళ్లు నడుస్తూనే ఉన్నారు, చట్టం ఒక పక్కన నిలబడి ఉంది.

చెప్పులు బయట విడవడం మనకూ అలవాటే కదా, కొత్తేముంది?

మొదటి అంకం మనకు కొట్టినపిండే. గుమ్మం లోపల ఒక మెట్టు కింద చిన్న జాగా ఉంటుంది, బూట్లు అక్కడే. విప్పాక వాటి ముక్కులు వాకిలివైపు తిప్పి పెట్టాలి. మనవాళ్లు విప్పిన బూట్లు నాలుగు దిక్కులూ చూస్తుంటాయి కాబట్టి ఇంటావిడ వంగి అన్నీ ఒక వరసలో సర్దుతుంది, ఏమీ అనదు. రెండో అంకం: లోపల తిరగడానికి స్లిప్పర్లు ఇస్తారు. మూడో అంకం: చాపల గదిలోకి వెళ్లేటప్పుడు ఆ స్లిప్పర్లు కూడా విప్పాలి. నాలుగోది టాయిలెట్. అక్కడ వేరే జత ఉంటుంది. లోపలికి వెళ్తూ అవి, బయటికి వస్తూ ఇవి. టాయిలెట్ స్లిప్పర్లతో హాల్లోకి వచ్చి కూర్చున్న అతిథి ఉదంతం ప్రతి జపాన్ కుటుంబం దగ్గరా ఒకటుంటుంది. ఆ అతిథి ఎప్పుడూ విదేశీయుడే.

సాక్సుకు చిల్లుంటే భోజనానికి పిలుపు వచ్చిన రోజు కచ్చితంగా ఆ జతే వేసుకుంటారు. ముందే పారేయండి.

టాయిలెట్లో అన్ని బటన్లు ఎందుకు? (ఇది అక్షరాలా ప్రతి మేనల్లుడూ అడిగాడు)

నీళ్లు వాడే జాతిగా మనకు ఇక్కడ తల ఎత్తుకునే అవకాశం ఉంది. అమెరికాలో ఉన్న మన చుట్టాలు కాగితంతో సర్దుకుపోతుంటే, ఇక్కడ యంత్రమే గోరువెచ్చటి నీళ్లు పడుతుంది. టోటో కంపెనీ 1980లో వాష్‌లెట్ అని మొదలుపెట్టింది, ఇప్పుడు మామూలు ఇళ్లలో కూడా అదే రకం. నీళ్లు ముందుకు, వెనక్కు, గట్టిగా, మెల్లగా. సీటు వెచ్చగా ఉంటుంది. జనవరి తెల్లవారుజామున దాని విలువ తెలుస్తుంది.

ఇంకో బటన్ నొక్కితే నీళ్లు పారుతున్న చప్పుడు మాత్రం వస్తుంది, నీళ్లు రావు. ఆడవాళ్లు తమ చప్పుడు పక్కవాళ్లకు వినపడకూడదని ఊరికే ఫ్లష్ నొక్కుతూ నీళ్లు వృథా చేస్తున్నారని గమనించి, 1988లో టోటోవాళ్లే ఈ ఉత్తుత్తి చప్పుడు పెట్టె తయారుచేశారు. మొహమాటానికి కూడా యంత్రం కనిపెట్టిన దేశం ఇంకోటి ఉందేమో నాకైతే కనపడలేదు.

అసలు ఫ్లష్ ఎక్కడుందన్నదే కష్టమైన ప్రశ్న. గోడ మీద ఉండొచ్చు, ట్యాంకు పక్కన పిడిలా ఉండొచ్చు, చెయ్యి ఊపితే పనిచేసేది కావచ్చు. ఎర్రగా, పెద్దగా, అందంగా కనిపించేది మాత్రం నొక్కకండి. అది ఆపదలో ఉన్నవాళ్ల కోసం. నొక్కితే సిబ్బంది పరుగున వచ్చి తలుపు కొట్టి, మీరు క్షేమమేనా అని ఎంతో మర్యాదగా అడుగుతారు. జవాబు చెప్పడానికి మీకు భాష రాదు.

టోక్యోలోని షిబుయాలో ఒక పార్కు దగ్గర 2020లో ఆర్కిటెక్ట్ షిగేరు బాన్ అద్దాల గోడలతో పబ్లిక్ టాయిలెట్ కట్టాడు. బయటి నుంచి లోపలంతా కనిపిస్తుంది. గడియ పెట్టగానే అద్దాలు మసకబారిపోతాయి. శుభ్రంగా ఉందో లేదో, లోపల ఎవరైనా ఉన్నారో లేదో ముందే చూసుకోవచ్చని ఆయన ఉద్దేశం. గడియ సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకోవడం మన పని.

చేతులు తుడుచుకోవడానికి మాత్రం చాలాచోట్ల ఏమీ ఉండదు. అందుకే ప్రతి ఒక్కరి జేబులోనూ చేతిరుమాలు.

చెత్త గురించి అంత భయపెడతారెందుకు?

భయపడాలి కాబట్టి. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఏజెంటు తాళాలతో పాటు చెత్త క్యాలెండర్ చేతిలో పెడతాడు. కాలే చెత్త వారానికి రెండు రోజులు, ప్లాస్టిక్ ఒక రోజు, సీసాలు డబ్బాలు ఒక రోజు, కాలని చెత్త నెలకు ఒకటి రెండుసార్లు. వార్డు మారితే నియమాలు మారతాయి. నీళ్ల బాటిల్ పారేయాలంటే మూత తీయాలి, లేబుల్ ఒలవాలి, కడగాలి, నలపాలి. మూతా లేబులూ ఒక సంచిలోకి, బాటిల్ ఇంకో సంచిలోకి. అన్నీ పొద్దున్న ఎనిమిదింటి లోపు. రాత్రే పెట్టేస్తే కాకులు చూసుకుంటాయి. టోక్యో కాకులు బలిసినవి, తెలివైనవి. వాటికోసమే సంచుల మీద వల కప్పుతారు.

తప్పు రోజున తప్పు చెత్త పెడితే బండివాళ్లు దాన్ని ముట్టుకోరు. ఎందుకు తీసుకోలేదో రాసిన కాగితం అంటించి అక్కడే వదిలేస్తారు. అది ఎవరిదని ఎవరూ అడగరు. సంచి మాత్రం పారదర్శకంగా ఉంటుంది, లోపల మీ బాస్మతి బియ్యం కవరు ఉంటుంది. మొత్తం బిల్డింగులో బాస్మతి వండేది మీరొక్కరే.

పాత సోఫా వదిలించుకోవడం పెళ్లి చేసినంత పని. ఫోన్ చేసి ముహూర్తం తీసుకోవాలి, కన్వీనియన్స్ స్టోర్లో స్టిక్కర్ కొనాలి, దాని మీద నంబరో పేరో రాసి సోఫాకు అంటించాలి, చెప్పిన రోజు కిందికి దింపాలి. మనకు పాత సామాన్లవాడు ఎదురు డబ్బులిస్తాడు, ఇక్కడ మనమే కట్టాలి. ఇదంతా ఎక్కువనిపిస్తే తొకుషిమా ప్రాంతంలోని కమికత్సు ఊరి సంగతి వినండి. అక్కడ చెత్తను నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తారు.

ఇంత చేసి వీధిలో చెత్తబుట్ట మాత్రం పెట్టరు. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి జరిగాక భద్రత కోసం చాలా బుట్టలు తీసేశారు. అరటిపండు తింటే తొక్క సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లాల్సిందే. అందరూ అదే చేస్తారు. వీధులు అద్దంలా ఉంటాయి.

శాకాహారికి తిండి దొరుకుతుందా బాబూ? (పెద్దమ్మ, ప్రతి పండక్కీ)

దొరుకుతుంది పెద్దమ్మా, కాస్త తిప్పలు పడాలి. "మాంసం వద్దు" అంటే వాళ్లు నిజాయితీగా మాంసం తీసేస్తారు. కింద ఉన్న పులుసు మాత్రం ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో కాచినది. మనకు తాలింపు ఎలాగో వాళ్లకు ఆ చేపరసం అలాగ. అది లేనిదే వంట మొదలుకాదు, అందుకే దాన్ని చేప కింద లెక్కవేయడం కూడా వాళ్లకు తట్టదు. వంకాయ కూర తెప్పించుకుంటే దాని మీద చల్లిన చేప పొరలు వేడికి ఊగుతూ ఉంటాయి. ప్లేట్లో ఏదో బతికుందని మా తమ్ముడు కుర్చీ వెనక్కి జరిపాడు.

కూర అనగానే ఆశపడకండి, జపాన్ కర్రీ తియ్యగా ఉంటుంది. మన తరహా కర్రీకి షింజుకులో నకమురాయ అనే చోట 1927 నుంచి పేరుంది. బ్రిటిష్‌వాళ్ల నుంచి తప్పించుకుని ఇక్కడికొచ్చిన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్ ఆ యజమానుల ఇంటి అల్లుడు, ఆయనే నేర్పించాడు. ఇంట్లో వండుకోవడానికి దిగులు లేదు. ఎదోగావా వార్డులో నిషి కసాయి అనే చోట మనవాళ్లు బాగా ఉంటారు, కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. ఆవకాయ మాత్రం పంపుతూనే ఉండు.

నూడుల్స్ చప్పుడు చేస్తూ తినాలా?

తినొచ్చు, తింటారు. రైల్లో ఊపిరి కూడా మెల్లగా తీసుకునే మనిషి సోబా గిన్నె ముందు జుర్రుతుంటే హాలంతా మోగుతుంది. ముక్కు చీదడం మాత్రం నలుగురిలో తప్పు. కాబట్టి కారం తిన్నాక మనవాళ్లు జాగ్రత్త. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకండి, అది చనిపోయినవాళ్ల ముందు పెట్టే పద్ధతి.

టిప్పు ఎంతివ్వాలి?

ఇవ్వకూడదు. బల్ల మీద వదిలితే వెనకే పరుగెత్తుకొచ్చి తిరిగిస్తారు.

వాళ్లు "కుదరదు" అని ఎలా చెబుతారు?

చెప్పరు. పళ్ల మధ్య నుంచి సుయ్‌మని గాలి పీల్చి, తల పక్కకు వంచి, చాలాసేపు ఆలోచిస్తారు. ఆ ఆలోచన చూసి మనం సగం పని అయిపోయిందనుకుంటాం. అక్కడితో పని ముగిసిందని వాళ్లు అనుకుంటారు. మనం తక్కువ తిన్నామా? మన తల ఊపుడు అవునో కాదో వాళ్లకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మీటింగ్ అయ్యాక ఒకాయన నా దగ్గరకొచ్చి, ఇందాక మీరు ఒప్పుకున్నట్టా కానట్టా అని గుసగుసగా అడిగాడు.

ఫోన్లో మాట్లాడుతూ వంగి దండాలు పెట్టేవాళ్లు మాత్రం నిజంగానే ఉన్నారు. వీధికి ఒకరు కనిపిస్తారు.

ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆఫీసువాళ్లకు ఏం పట్టుకెళ్లాలి?

ఏదైనా సరే, విడివిడిగా చుట్టి ఉండాలి. ఇదే మొదటి షరతు. జపాన్‌లో ఏ ఊరు వెళ్లొచ్చినా ఆ ఊరి పేరున్న బిస్కెట్ల పెట్టె తెచ్చి, ఒక్కొక్కరి బల్ల మీద ఒక్కొక్కటి పెట్టాలి. లడ్డూలు డబ్బాలో పెట్టి "తీసుకోండి" అంటే ఎవరూ చెయ్యి పెట్టరు, రెండు రోజులు అలాగే ఉంటాయి. నేను ఆత్రేయపురం పూతరేకులు తెచ్చాను. ఒక్కొక్కటి కాగితంలో పెట్టి ఇస్తే మా టీంలో ఒకామె పైకాగితం తీసింది, తర్వాత రేకును కూడా ఇంకో కాగితం అనుకుని ఎంతో ఓపిగ్గా ఒలవడం మొదలుపెట్టింది. తినేదే అని చెప్పేసరికి చక్కెరా నెయ్యీ కీబోర్డులో ఉన్నాయి.

పర్సు పోతే దొరుకుతుందా?

చాలావరకు దొరుకుతుంది. వీధి మొగలో పోలీసు గది ఉంటుంది, దొరికినవాళ్లు అక్కడ ఇచ్చేస్తారు. చట్టం కూడా పక్కాగా ఉంది: పోగొట్టుకున్నవాడు దొరికినవాడికి విలువలో 5 నుంచి 20 శాతం దాకా ఇవ్వాలి, మూడు నెలల్లో ఎవరూ రాకపోతే మామూలుగా అది దొరికినవాడిదే.

గొడుగు మాత్రం వేరు సంగతి. దుకాణం బయట పెట్టిన పారదర్శక ప్లాస్టిక్ గొడుగులన్నీ ఒకేలా ఉంటాయి, వాన పడుతున్నప్పుడు ఎవరికి చేతికందింది వాళ్లది. నోట్లున్న పర్సును ముట్టుకోని మహానుభావులు గొడుగు దగ్గర మామూలు మనుషులైపోతారు. చాలా భవనాల ముందు గొడుగులకు తాళాలు వేసే స్టాండ్లు ఉన్నాయంటే ఊరికే పెట్టలేదు.

అంత టెక్నాలజీ దేశంలో ఇంకా ఫ్యాక్సులా?

ఫ్యాక్సులే కాదు, రబ్బరు స్టాంపులాంటి పేరు ముద్రలు కూడా. సర్కారు పనుల్లో ఆ ముద్రలు తగ్గించాలని 2020లో మంత్రి తారో కోనో పట్టుబట్టాడు. ఫ్లాపీ డిస్కు ఇవ్వాలన్న నిబంధనలు 2024లో గానీ పోలేదు. మనకు అసలు కష్టం ఫారాల్లో గళ్లు. జపాన్ పేర్లకు నాలుగైదు అక్షరాలు చాలు. ఇంటిపేరు, తాత పేరు, దేవుడి పేరు కలిసిన మన పేరు పక్క గడి దాటి, చిరునామా మీదుగా పుట్టినతేదీ దాకా వెళ్తుంది.

క్రిస్మస్‌కు అందరూ వేయించిన కోడి తింటారట?

నిజమే. కేఎఫ్‌సీ 1974లో చేసిన ప్రచారం అలవాటుగా మారిపోయింది. ముందే ఆర్డరివ్వకపోతే క్యూలో నిలబడాలి. పండగకూ మతానికీ సంబంధం లేదు, కోడికి మాత్రం ఉంది.

అందరి ముందూ బట్టల్లేకుండా స్నానమా? ఛీ!

ఊరుమ్మడి స్నానశాలల్లో ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు పిన్నీ. మొదటి అయిదు నిమిషాలే సిగ్గు, తర్వాత ఎవరూ ఎవరినీ చూడటం లేదని తెలుస్తుంది. తొట్టిలో దిగే ముందు బయట చిన్న పీట మీద కూర్చుని, బకెట్టుతో నీళ్లు పోసుకుని, ఒళ్లు రుద్దుకోవాలి. ఆ భాగంలో మనల్ని కొట్టేవాడు లేడు. చిన్న తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవాలి. పచ్చబొట్టు ఉంటే చాలాచోట్ల రానివ్వరు. ఇంట్లో కూడా స్నానం పద్ధతి అదే, కుటుంబమంతా ఒకరి తర్వాత ఒకరు అదే నీళ్లలో దిగుతారు. ఒళ్లు బయటే కడుక్కుంటారు కాబట్టి నీళ్లు తేటగానే ఉంటాయి. అతిథికి మొదటి వంతు.

సినిమా హాల్లో ఈల వేయొచ్చా?

మామూలు ఆటలో వద్దు. చివరి పేరు తెర మీద నుంచి పోయేదాకా లేచేవాళ్లు తక్కువ, పాప్‌కార్న్ కూడా చప్పుడు లేకుండా నములుతారు. ఆర్‌ఆర్‌ఆర్ 2022 అక్టోబర్‌లో ఇక్కడ విడుదలై, జపాన్‌లో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసిన భారతీయ సినిమా అయింది. 2024 జనవరిలో తకరజుకా అనే ఆడవాళ్ల నాటక బృందం దాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది, రామ్, భీమ్ ఇద్దరూ ఆడవాళ్లే. అరవాలనుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా అరుపుల ఆటలు వేస్తారు. లైట్ల కడ్డీలు ఊపొచ్చు, హీరో పేరు పెట్టి కేకలు వేయొచ్చు. ఏమేం వాయించవచ్చో, ఏం పేల్చకూడదో హాలువాళ్లు ముందే రాసిపెడతారు. టికెట్ కొనేముందు ఆ జాబితా చదువుకోండి.